అలుకు ఆరని గోడ

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ గేటు లోపల ఒక ట్రాక్టరు మన్ను దించింది. అమీన్‌పూర్ చెరువు కనపడుతుందని చెప్పి అమ్మిన ఇళ్లు ఇవి. చెరువు పై అంతస్తుల వాళ్లకే కనపడుతుంది, మొదటి అంతస్తులో ఉండే మాకు ప్రహరీగోడ కనపడుతుంది. ఆ గోడ పొడుగునా మొక్కలు పెట్టాలని అసోసియేషన్ వాళ్లు తెప్పించిన మన్ను అది. పాలప్యాకెట్ కోసం దిగినదాన్ని, కుప్ప పక్కగా నడుస్తూ ఆగిపోయాను. బూడిదరంగు మన్ను. అందులోంచి ఒక కుండపెంకు తొంగి చూస్తోంది. బయట ఎరుపు, లోపల నలుపు, అంచు సన్నగా వంపు తిరిగి ఉంది.

కొంగుతో తుడిచి నాలుక చివరకు తాకించాను. పాతకాలపు పెంకయితే నాలుకకు అంటుకుంటుంది. ఇదీ అంటుకుంది.

"ఏందమ్మా, మన్ను తింటున్నవ్?" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

"ఎక్కడి మన్ను ఇది?"

"సంగారెడ్డి అవతలి చెలకలది. ఆడ ప్లాట్లు కొడుతుండ్రు. రోడ్లు ఏసేముందు మీది మన్ను గీకి అమ్ముతుండ్రు. మస్తు బలమున్న మన్నమ్మా, ఏది పెట్టినా కాస్తది."

ఊరి పేరు అడిగాను. చెప్పాడు. మా ఊరే.

పాలు పొయ్యి మీద పొంగిపోయినా చూసుకోలేదు. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను చూసి "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే పోరీ" అనేది. ఆ పిల్లి ఇన్నేళ్ల తర్వాత మళ్లీ లేచింది.

మా ఊరికి తూర్పున పాటిగడ్డ ఉండేది. పాటి అంటే పాడైపోయిన పాత ఊరి చోటు అని నేను తర్వాత గ్రంథాలయంలో చదువుకున్నాను. మా వాళ్లకు ఆ అర్థంతో పని లేదు. వాళ్లకు పాటి అంటే ఎరువు. ఏటా ఎండాకాలం బండ్లు కట్టుకొని పోయి ఆ గడ్డను తవ్వి, మన్ను తెచ్చి చెలకల్లో చల్లేవాళ్లు. మెత్తటి మన్ను, పట్టుకుంటే ఆరిన పొయ్యిలో చెయ్యి పెట్టినట్టుండేది. వాసన కూడా అంతే. ఎప్పటివాళ్ల పొయ్యిల బూడిదో, ఎన్ని గొడ్ల పేడో, ఎన్ని వంటిళ్ల కడుగునీళ్లో అందులో ఇంకి ఉన్నాయి. జొన్నకు అంతకు మించిన బలం లేదు. బండి దించినప్పుడల్లా పెంకులు, పూసలు రాలేవి. పూసలు మేం ఏరుకునేవాళ్లం. మా ఇంట్లో ఉప్పుకుండ మీది మూత కూడా పాటిగడ్డదే. అది ఎన్ని వందల ఏళ్లదో తెలియకుండానే నాయనమ్మ దాన్ని రోజూ తీసేది, పెట్టేది.

మా నాయినకున్నది గరుసు చెలక. నీళ్లు నిలవవు, నాగలి వేస్తే రాళ్లు పలుకుతాయి. వరసగా రెండేళ్లు జొన్న మోకాలెత్తు దాటలేదు. మా చిన్నాయన అప్పటికే పాశమైలారంలో ఒక కంపెనీలో చేరాడు. ఇంటికొస్తే మనిషి కంటే ముందు అంగీ వాసన వచ్చేది, ముక్కులో పుల్ల పెట్టి తిప్పినట్టు ఉండే మందుల వాసన. ఆయన నాయినను పట్టుకొని అన్నాడు.

"అన్నా, ఎన్నేండ్లు గీ రాళ్లతోని కొట్లాడుతవ్? అమ్మేద్దాం. నీకు సుత మా తాన పని ఇప్పిస్త."

నాయిన తువ్వాల మడత పెట్టి భుజాన వేసుకున్నాడు.

"ఈ ఒక్క యేడు చెలకంత నిండుగ పాటిమన్ను పడనియ్‌రా. గప్పుడు సుత పండకపోతే నువ్వు చెప్పినట్లే. మిరుగం లోపట పడాలె."

మిరుగం అంటే మృగశిర కార్తె. తొలి వాన. ఆ లోపు మన్ను చెలకలో పడితే వానకు కలిసిపోతుంది. లేకపోతే ఆ యేడు లెక్కలో లేదు.

బండ్లు కట్టే వారంలోనే పాటిగడ్డ మీదికి జీపు వచ్చింది. తాళ్లు కట్టారు, సున్నం చారలు గీశారు, గడ్డ మీదికి బండ్లు రావద్దన్నారు. పాతకాలపు పట్టణం ఉందట, తవ్వి చూస్తారట. ఊళ్లో సగం మంది లంకెబిందెల కోసమే అన్నారు, తక్కిన సగం మంది ఆ మాట మెల్లగా అన్నారు.

తవ్వకం చూసే సారు పిల్లవాడే. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీ క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. అందరినీ 'అండీ' అనేవాడు. నాయనమ్మను మొదటి రోజే "మామ్మగారూ" అని పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి, "ఎవర్ని పిలుస్తున్నడే?" అంది. ఊళ్లో పనికి పోగలిగిన ఆడవాళ్లంతా గంపలు పట్టుకొని చేరారు. వాళ్లకు నాయనమ్మ పెద్ద. సెలవుల్లో ఉన్న నాకు పెంకులు కడిగే పని దొరికింది. ఒక తొట్టి, ఒక బ్రష్షు, ఎదురుగా పెంకుల గుట్ట.

నాయిన పనిలో చేరలేదు. గడ్డ మీద మన్ను కుప్ప పెరుగుతుంటే దూరం నుంచి దాన్నే చూసేవాడు. గుంతలోంచి గంపలకెత్తి, జల్లెడ పట్టి పోసిన మన్ను అది. రాయి లేదు, రప్ప లేదు. ఆయన జన్మలో అంత శుభ్రమైన పాటిమన్ను చూసి ఉండడు. మూడో రోజు ఆగలేక వచ్చి అడిగాడు.

"గీ మన్ను ఏం జేస్తరు సారూ?"

"తవ్వకం అయిపోయాక మళ్లీ గుంతల్లోనే పోసి పూడ్చేస్తామండి."

"మల్ల పూడుస్తరా? మరి తోడుడెందుకు?"

సారుకు నవ్వొచ్చింది. "లోపల ఏముందో చూడ్డానికండి. చూశాక కప్పేస్తే పాడవకుండా ఉంటుంది. ఒక్కటే మాట. ఈ పట్టణానికి కోటగోడ గనక బయటపడితే పూడ్చం. జనం చూసేటట్టు అలాగే ఉంచేస్తాం. అప్పుడు ఈ మట్టితో మాకు పని లేదు."

"నేను తీస్కపోవచ్చా?"

"నిక్షేపంగా."

ఆ రోజు నుంచి మా నాయినకు గోడ మీద భక్తి పుట్టింది. పొద్దుగూకి నేను ఇంటికి రాగానే, కాళ్లయినా కడుక్కోకముందే, "దొరికిందా బిడ్డా గోడ?" అని అడిగేవాడు. లేదంటే లేచి పోయి ఆకాశం చూసి వచ్చేవాడు. కాలుగాలిన పిల్లులు ఇంట్లో ఇద్దరమయ్యాం.

నా ఆరాటం వేరు. సంగారెడ్డి గ్రంథాలయంలో, మొదటి పేజీలు చిరిగిపోయిన ఒక లావు పుస్తకంలో, పూర్వం మనవాళ్లకు గోడలున్న పట్టణాలు ముప్పై ఉండేవని పరదేశి ఎవరో రాసిపెట్టినట్టు చదివాను. ఆ ముప్పైలో మాది ఒకటి కావాలి. బస్సు ఛార్జీకి డబ్బుల్లేక నడిచిపోయి చదివినదాన్ని, ఊరికే పోతుందా ఆ చదువు? సారుకు అదే చెప్పాను.

"ఎక్కడ చదివావమ్మా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"గ్రంథాలయంలో."

"మంచిదే. కానీ ఆ ముప్పైలో మీ ఊరు ఉండాలని రూలేమీ లేదు."

నాకు రెండు రోజులు ఆయన మీద కోపం ఉంది. ఆ కోపంతోనే, ఊళ్లో దొరికిన గోళీసోడా గోళీని పూసల మధ్య గుంతలో పడేశాను. ఆయన దాన్ని ఎంతో శ్రద్ధగా కుంచెతో తుడిచి, దూదిలో పెట్టాడు. మధ్యాహ్నం అందరం తింటుంటే తల ఎత్తకుండా అడిగాడు: "పూర్వీకుల్లో ఎవరికి దాహం వేసిందంటారు?" గంపల ఆడవాళ్లు అర్థం కాకపోయినా నవ్వారు. నేను రొట్టెముక్క మింగలేక దగ్గాను.

మధ్యాహ్నాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. తుమ్మచెట్టు కింద జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు, ముంతలో పచ్చిపులుసు. సారు డబ్బాలో గోంగూర పచ్చడి. పచ్చిపులుసు పేరు విని "ఉడకబెట్టరా?" అని భయపడ్డవాడు, వారం తిరిగేసరికి ముంత ఎత్తి తాగడం నేర్చుకున్నాడు. నాయనమ్మ గోంగూరలో వేలు ముంచి, నాకి, కళ్లు మూసుకొని తీర్పు చెప్పేది: "కారం మంచిగనే ఉన్నది. మనిషే బక్కగున్నడు." సాయంత్రం గాలి తిరిగితే పటాన్‌చెరు వైపు నుంచి కంపెనీల వాసన వచ్చేది. తడిసిన పెంకుల వాసన, ఆ వాసన కలిసి నా వేళ్లకు పట్టుకునేవి.

నడిమి గుంతలో ఒకరోజు నేల బయటపడింది. మెత్తగా కొట్టి చదును చేసిన ఇంటి నేల, దాని మూలన పొయ్యి. పొయ్యిలో బూడిద ఇంకా ఉంది. నాయనమ్మ గంప దించి దాని ముందు కూర్చుంది.

"తూర్పు మొకం పెట్టుకున్నది పొయ్యి. ఎవరో గని బుద్ధిమంతురాలు," అంది.

ఆ రోజు నుంచి ఆమెకు అది గుంత కాదు, ఇల్లు. దిగేముందు కొంగు సర్దుకునేది. ఎవరైనా పై నుంచి ఉమ్మితే "ఇంట్ల ఉమ్ముతవారా?" అని తిట్టేది.

గోడ మాత్రం రాలేదు. రోహిణి కార్తె ఎండలు ముదిరాయి. తూర్పు చివరి గుంతలో బూడిదరంగు మన్ను అయిపోయి, ఒక పక్కన నిలువుగా గట్టి గోధుమరంగు మన్ను తగిలింది. గడ్డపార వేస్తే ఎగిరి మీదికే వస్తోంది. దిగినవాళ్లు చేతులు దులుపుకున్నారు.

"రాయి తీర్గ ఉన్నది సారూ. పార దిగుతలేదు."

సారు వంగి, పిసికి, వాసన చూసి పెదవి విరిచాడు. "ఇది మనుషులు రాకముందు నుంచీ ఉన్న నేల అయ్యుంటుంది. దీని లోపల ఇంకేం ఉండదు."

ఆ సాయంత్రం పడమట మొదటిసారి మబ్బు లేచింది. నాయిన బండి చక్రాలకు కందెన పెట్టి, ఎడ్లకు నీళ్లు పెట్టి, మళ్లీ కందెనే పెట్టాడు. మర్నాడు సారు అందరినీ పిలిచాడు. రేపు హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తాడు. చూసి, గుంతలు పూడ్చేయమంటే ఎల్లుండి నుంచి అదే పని. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మామ్మగారూ, రేప్పొద్దున ఆయన వచ్చేసరికి గుంతల గోడలు శుభ్రంగా కనపడాలి. అంతా నీట్‌గా ఉండాలి. మీదే బాధ్యత."

గుంతలో నాలుగు పక్కలా నిటారుగా నిలబడ్డ మన్నునే ఆయన గోడలన్నాడు. దాని మీదే ఏ కాలపు మన్ను ఎక్కడ మొదలైందో గీతలు కనపడతాయి. అక్కడక్కడ మేకులకు చీటీలు కట్టి ఉంటాయి. శుభ్రం చేయడమంటే చిన్న తాపీతో పైపైన గీకడం. ఆ పని ఎప్పుడూ ఆయనే చేసుకునేవాడు, ఆ రోజు సంగారెడ్డిలో పెద్దసారుకు బస చూడడానికి పోయాడు.

మా ఇళ్లలో గోడ శుభ్రం చేయడమంటే ఒకటే అర్థం.

తెల్లవారేసరికి నాయనమ్మ ఆడవాళ్లందరినీ లేపింది. పుట్టమన్ను, మా ఎడ్ల పేడ కలిపి పలచని అలుకు చేశారు. నేను బిందెలతో నీళ్లు మోశాను. నాకూ అందులో తప్పేమీ కనపడలేదు. చుట్టాలొస్తుంటే ఇల్లు అలుకుతారు, నేను చదివిన పుస్తకాల్లో వద్దని ఎక్కడా రాసి లేదు. చీటీలన్నీ జాగ్రత్తగా పీకి, ఒక చాటలో వరసగా పెట్టారు. గుడ్డ ముంచి, చెయ్యి తిప్పి, గుంతల గోడలన్నీ అలికారు. తూర్పు గుంతలో గట్టిమన్నును కూడా వదల్లేదు. అడుగున వేలెడు వెడల్పున ఎర్రటి జాజు పట్టీ తీశారు. పొయ్యి ముందు నాయనమ్మ ముగ్గు పెట్టింది.

"ఇగ సూడు, ఇంటి తీర్గ అయింది," అని నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

నాయిన అప్పటికే బండి కట్టుకొని వచ్చి గడ్డ కింద నిలబడ్డాడు. పూడ్చొద్దని పెద్దసారు కాళ్లు పట్టుకోవాలని వచ్చాడు.

జీపు కంటే ముందు సారు స్కూటర్ మీద వచ్చాడు. గుంత అంచుకు వచ్చి చూశాడు. మెల్లగా మన్ను కుప్ప మీద కూలబడ్డాడు.

"మామ్మగారూ... ఏం చేశారు?"

"నీటుగ లేదా సారూ?"

"గీతలు... చీటీలు..."

"చీటీలా? చాటల బద్రంగున్నయ్. ఒక్కటి సుత చినగలే."

ఆయన ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏదో ఘోరం జరిగిందని అప్పుడు అర్థమైంది మాకు. నాయిన పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! ఎంత పని జేస్తివే! ఇగ పూడువుమనక ఏమంటడు?"

"అరే, గోడలు సాఫ్ జేయమన్నడు, జేసిన! గోడ అలకక ఏం జేస్తర్రా?"

"నోరుమూసుకో జెర!"

కొడుకు ఆమెను అంత మాట అనడం నేను ఎన్నడూ వినలేదు. నాయనమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరి ముఖమూ చూడలేక, గుడ్డ పట్టుకొని తూర్పు గుంతలోకి దిగింది. అవతల బాట మీద జీపు దుమ్ము లేస్తోంది. ఎండ గుంతలోకి నిండుగా దిగింది. ఆమె తనలో తాను గొణుక్కోవడం పైకి వినపడుతోంది.

"గీడ సుత సక్కగ ఆరుతలేదు. మచ్చలు మచ్చలు కొడుతున్నది. ఆయినొచ్చేటాల్లకు ఇంకో పూత ఏసి పడేస్త."

సారు తల ఎత్తాడు. గుంతలోకి చూశాడు. దిగ్గున లేచాడు.

"మామ్మగారూ! చెయ్యి! చెయ్యి తీయండి! ముట్టుకోకండి!"

మెట్లు వదిలి ఒక్క దూకు దూకాడు. నేనూ వెనకే దిగాను. పలచని అలుకు ఎండకు ఆరుతోంది, కానీ అంతటా ఒక్కలా ఆరడం లేదు. మూరెడు పొడుగు ముక్కలుగా నల్లగా తడి నిలిచి ఉంది. ముక్కకూ ముక్కకూ మధ్య సన్నగా తెల్లని చార ఆరిపోయింది. ఒక వరస మీద ఇంకో వరస, అతుకు మీద అతుకు పడకుండా. గుంత ఆ చివర నుంచి ఈ చివర దాకా ఉంది. అవి ఇటుకలు. కాల్చని పచ్చి ఇటుకలు, మధ్యలో అడుసు. ఆయన అసలు నేల అనుకున్నది, గడ్డపార దిగనిది అదే. పొడిగా ఉన్నప్పుడు ఇటుకా అడుసూ ఒకే రంగు. తడి పెట్టాక ఇటుక నీళ్లు పట్టుకుంది, అడుసు వదిలేసింది.

పెద్దసారు ఎప్పుడు వచ్చాడో మాకు తెలియదు. వెనక నిలబడి చూస్తున్నాడు. చారలు మా కళ్లముందే ఇంకా తేటపడుతున్నాయి.

"ఏందది?" అన్నాడు నాయిన పై నుంచి.

"గోడ నాయినా!"

"ఏడున్నది?"

"అలుకు కింద."

నాయిన గుంత అంచున వంగి అన్నాడు: "అంటే మా అమ్మ అలికింది నిజంగ గోడనేనా?"

పెద్దసారు గట్టిగా నవ్వాడు. నాయనమ్మ మాత్రం గుడ్డ వెనక దాచుకొని, "చుట్టాలొస్తుండ్రంటే అలికిన సారూ," అని సంజాయిషీ చెప్పుకుంటూనే ఉంది. నడిమి గుంతల గీతలు మళ్లీ తేల్చడానికి సారుకు ఎంత అవస్థ పట్టిందో అది వేరే సంగతి. ఆ మధ్యాహ్నం పూడ్చవద్దన్నారు. సారు పైకి వచ్చి నాయినతో "తీసుకెళ్లండి" అన్నాడు. ఏది అని నాయిన అడగలేదు. పార చేతిలోకి తీసుకున్నాడు.

మబ్బు నెత్తిమీదికి వచ్చేలోపు మేమంతా ఆ మన్ను ఎత్తాం. నాయిన, అమ్మ, నేను, ఆఖరికి సెలవు పెట్టి వచ్చిన చిన్నాయన కూడా. చివరి బండి చెలకలో దించుతుండగా తొలి చినుకులు పడ్డాయి. నాయిన ఎడ్లను విప్పకుండా వానలోనే నిలబడి, కాలితో మన్ను నెరుపుతూ ఉండిపోయాడు. ఆ యేడు జొన్న మనిషిని దాటి పెరిగింది. పచ్చికంకులు కాల్చి, అరచేతిలో నలిపి ఊదుకొని తింటూ చిన్నాయన అన్నాడు, "అన్నా, నా అంగీ వాసన గీ పొగకు పోతదే." అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. నాయిన ఉన్నన్నాళ్లూ ఆ చెలక మాదే.

గోడ సంగతి చెప్పాలి. దాని చుట్టూ కంచె వేశారు, మీద తాటిపత్రి పట్టా కట్టారు. మొదటి ఏడు జనం వచ్చి చూశారు. తర్వాత సారు బదిలీ అయి పోయాడు, తాటిపత్రి గాలికి చినిగింది. పచ్చి ఇటుక గోడ వానకు ఎన్నాళ్లు నిలుస్తుంది? అయినా నిలిచింది, ఎందుకంటే నాయనమ్మ ప్రతి పండుగకూ పోయి దాన్ని అలికేది. కాపలావాడు మొదట అడ్డం పడ్డాడు, "పెద్దసారే నవ్విండు, నువ్వేందిరా?" అనేసరికి పక్కకు జరిగాడు. మా ఇంటి గోడలు అయ్యాకే ఆ గోడ. జాజు పట్టీ కూడా తీసేది. ఆమె పోయిన ఏడు ఎవరూ పోలేదు. ఆ వానాకాలంలో ఒక మూల జారింది. రెండో ఏడు మేకలు ఎక్కి దిగాయి. చాలా రోజులకు సారు ఒకసారి చూడడానికి వచ్చి, కరిగిపోయిన మన్ను ముందు నాతో అన్నాడు:

"ఆ రోజే పూడ్చి ఉంటే ఇంకో వెయ్యేళ్లు ఉండేదమ్మా."

నిజమే. కప్పి ఉంచిన మన్నే కాపాడుతుందని నేనూ తర్వాత చదివాను. కానీ ఆ కప్పాల్సిన మన్ను మా చెలకలో జొన్నయింది, మేం తిన్నాం. గోడ కావాలని నేనూ, మన్ను కావాలని నాయినా ఒకే దేవుడికి మొక్కాం. దేవుడు ఇద్దరి మాటా విన్నాడు. ఎవరి మాట వినకుండా ఉండాల్సిందో నాకు ఇప్పటికీ తేలదు.

నాయిన పోయాక చెలక చేతులు మారి ప్లాట్లలో కలిసింది. ఇప్పుడది గీకబడి, ట్రాక్టరెక్కి, నేనున్న చోటికే వచ్చింది.

నిన్న మధ్యాహ్నం కిందికి దిగాను. తోటపని చేసే ఆమె ప్రహరీ పొడుగునా మన్ను పరిచేసింది. కూర్చొని వేళ్లతో కెలుకుతుంటే అడిగింది.

"ఏమన్న పోయిందా అమ్మా?"

"ఒక బకెట్ నీళ్లియ్యి బిడ్డా," అన్నాను.

నీళ్లు అంతటా సమంగా చల్లి, అరచేత్తో తిప్పి మెత్తాను. ఇది వదులు మన్ను, ఇందులో ఇటుక లేదు, అడుసు లేదు, ఏ చారా రాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఎండ గోడ దాటి మన్ను మీదికి వచ్చింది. ఎక్కడ ముందు ఆరుతుందో చూద్దామని అక్కడే నిలబడ్డాను.